ఆషాఢం గాలీ, మా బావ రేకులూ

ముందే చెప్పేస్తున్నాను, నా మాటకు వాపు ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్లికి వెయ్యిమంది వచ్చారని నేనంటే మా ఆవిడ వందమందిని ఊహించుకుంటుంది. తాటిచెట్టంత పామును చూశానంటే పక్కింటివాళ్లు వానపాము కోసం వెతుకుతారు. చదివేవాళ్లు కూడా ఎవరికి తోచినంత వాళ్లు తగ్గించుకోవచ్చు, నాకేం బాధలేదు. ఒక్క పెనుకొండ గాలి దగ్గర మాత్రం తగ్గించకండి. ఆషాఢమాసంలో మా అక్క పెరట్లో ఆరేసిన పంచె ధర్మవరంలో దిగేది. అక్కడివాళ్లు దాన్ని మగ్గం మీంచి ఇప్పుడే దిగిందనుకుని మడతపెట్టి అంగట్లో పెట్టేవాళ్లు. అలాంటి గాలి.

మా అక్క భర్త శిల్పి. యాభైల మొదట్లో మద్రాసులో బొమ్మల చదువు చదివి వచ్చి, పెనుకొండలో ఒక బడిలో డ్రాయింగు మాస్టరుగా కుదిరాడు. జీతానికి బడి, పేరుకు సిమెంటు విగ్రహాలు. చుట్టుపక్కల ఏ ఊళ్లో నాయకుడి విగ్రహం కావాలన్నా మా బావ గడపే తొక్కేవారు. హిందూపురం నుంచి కనగానపల్లి దాకా ఆయన నిలబెట్టిన మహానుభావులందరికీ మా నాయన ముక్కే ఉండేది. కారణం లేకపోలేదు. కదలకుండా కూర్చునే మనిషి ఆ తాలూకా మొత్తంలో బావకు మా నాయన ఒక్కడే దొరికాడు. కూర్చోగానే నిద్రపోయేవాడు. జనం ఆ విగ్రహాలకు దండలు వేసి దండం పెట్టేవాళ్లు. మా అవ్వ మాత్రం, "ఎండలో నిలబెట్టినారు కదరా నా కొడుకును" అని కొంగుతో దుమ్ము తుడిచి పోయేది.

నడిచే బండిని చెడగొట్టింది గాలే. ఒక ఆషాఢంలో బావ పెరటి పాకలో ఒక నాయకుడికి నిలువెత్తు మట్టి నమూనా చేసి, ఎండిపోకుండా దానిమీద తడి గోనెపట్టలు కప్పాడు. మధ్యాహ్నం గాలి లేచి పాక పైకప్పును ఎత్తుకుపోయింది. నాయకుడు గోనెపట్టలతో సహా పక్కకు వంగి, భుజాలు జారి, నడుము దగ్గర మడతపడి, పడిపోవడానికీ నిలబడడానికీ మధ్యలో ఆగిపోయాడు. బావ దానిముందు చతికిలబడ్డాడు. అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయి మా అక్కే వచ్చింది.

"నేను చేసిందానికంటే ఇదే బాగుండాది" అన్నాడు బావ.

"ఎవరు చేసినారంట?"

"గాలి."

"అట్లయితే జీతం కూడా గాలికే ఇమ్మని చెప్పు మీ హెడ్మాస్టరుకు" అని మా అక్క కంచం అక్కడే పెట్టి పోయింది.

అప్పట్నుంచి మా బావకు సిమెంటు మీద మనసు విరిగింది. నేను హిందూపురంలో ఒక చెనిక్కాయల నూనె మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అరిగిపోయిన మిషను బెల్టులను మేం బయట పారేస్తే ఆయన వచ్చి పెళ్లికూతుర్ని చూసినట్టు చూసి, భుజాన వేసుకుని రైలెక్కేవాడు. ధర్మవరం స్టేషను దగ్గర పాత ఇనుము వేలం వేస్తే తారు పీపాలు, రేకులు బండికెత్తించుకుని వచ్చేవాడు. ధర్మవరం పోయి పట్టుచీర తేకుండా తుప్పురేకులు తెచ్చిన మొగుడు భూప్రపంచంలో తనకొక్కదానికే దొరికాడని మా అక్క ఊరంతా చెప్పుకునేది. చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా వినపడేది, నేను పెంచి చెప్పడం లేదు.

ఒక బెల్టును గోడకు మూడు మేకులు కొట్టి వేలాడదీశాడు. అది ఊరికే జారి వేలాడుతూ ఉంటుంది, అంతే. పక్కింటి రైతు వచ్చి తలొంచి చూశాడు, ఎత్తి చూశాడు.

"ఏమప్పా అయ్యవారూ, ఏనుగు తొండమా ఇది?"

"కాదప్పా, బెల్టు."

"బెల్టని తెలుసులే. దేని బొమ్మ అని అడుగుతాండా."

"బెల్టు బొమ్మే. దానికి కింద పడాలని ఉండాది. మేకు పడనీదు. వాళ్లిద్దరి జగడమే ఈ బొమ్మ."

రైతు కాసేపు ఆలోచించి, "మా ఇంట్లో అత్తాకోడళ్లది కూడా ఇదే బొమ్మ" అని పోయాడు. బావ చేసినవాటి గురించి ఆ కాలంలో ఎవరైనా మాట్లాడిన మంచిమాట అదొక్కటే.

ఆయన చేసినవాటిలో పెద్దది రేకులది. పెనుకొండ కొండ కింద ఆయనకు వాటాకు వచ్చిన చేనొకటి ఉండేది. విత్తనం వేస్తే రాయి మొలిచేది. అక్కడ వరసగా స్తంభాల్లాంటి రాతి కూసాలు నాటించి, వాటి మధ్య ఇనుపతాడు బిగించి, చదును చేసిన పీపా రేకులను కొక్కేలతో వేలాడదీశాడు. కింద కట్టు లేదు. గాలొస్తే ఊగాలి, ఒకదాన్నొకటి కొట్టుకోవాలి, వంగాలి. వానొస్తే తుప్పు పట్టాలి. "నా పని అయిపోయింది. ఇంక వాళ్లది" అన్నాడు, వాళ్లిద్దరూ కూలికి ఒప్పుకుని పోయినట్టు.

గాలి రోజూ పనిలోకి వచ్చింది. వాన మాత్రం మా సీమకు చుట్టం కూడా కాదు, దారిన పోతూ దాహానికి ఆగే మనిషి. అందుకే ఆ రేకులు తయారవడానికి ఏళ్లు పట్టింది. మెల్లగా వాటి అంచులు ఆవు చెవుల్లా ముడుచుకున్నాయి. ఒక్కో వానకు ఒక్కో పొర ఎక్కి, ఒకచోట పాత చింతపండు రంగు, ఇంకోచోట హిందూపురం బెల్లం రంగు, కొన్నిచోట్ల మసి నీలం తేలాయి. గొర్రెలు వాటి నీడలో పడుకునేవి. ఒక సాయంత్రం నేను అక్కడ నిలబడి ఉండగా గాలొచ్చింది. ఈ చివర రేకు ముందు కదిలింది. తర్వాత దాని పక్కది. మనల్ని ఎవరో పిలిస్తే వరసలో ఒక్కొక్కరే తల తిప్పి చూస్తారే, అలా ఆ చివరిదాకా తిరిగాయి. చప్పుడు తర్వాత వచ్చింది, దూరంగా రైలు వంతెన మీద పోతున్నట్టు. నాకు కళలు తెలియవు. కానీ ఇంటికి పోయి చెప్పబోతే పెంచడానికి ఏమీ దొరకలేదు. అలా జరగడం నా జన్మలో అదే మొదటిసారి.

అరవైల నడుమ ఒక ఏడాది, మద్రాసులో బావకు చదువు చెప్పిన పెద్దాయన పెనుకొండ వస్తానని ఒప్పుకున్నాడు. మద్రాసులో జరగబోయే పెద్ద ప్రదర్శనకు శిల్పాలు ఏరే పని ఆయనదే. బావ అంతకుముందు పంపిన ఫొటోల్లో తుప్పురేకులు అచ్చం తుప్పురేకుల్లాగే పడ్డాయి. మనిషి వచ్చి, గాలిలో కళ్లతో చూడాలి. చూసి ఔనంటే రేకులు మద్రాసు పోతాయి. కాదంటే, బావ చేస్తున్నది పిచ్చిపని కాదని చెప్పగల మనిషి ఆయనకు తెలిసిన లోకంలో ఇంకొకడు లేడు. అందుకే ఆయన్ని ఏరికోరి ఆషాఢంలో రమ్మన్నాడు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. పెద్దమనిషి వస్తున్నాడంటే, కదలని ప్రతిదానికీ సున్నం కొట్టి ఎర్రమన్ను పట్టెలు తీస్తారు. అరుగు, గోడ, బావి గట్టు, దారి పక్క రాయి, ఏదీ తప్పించుకోలేదు. ఒకసారి తాసీల్దారు వస్తున్నాడని కొడుతుంటే అరుగు పక్కన నిలబడి నిద్రపోతున్న గాడిదకు మోకాళ్లదాకా సున్నం పడింది. అది ఎన్నాళ్లో మేజోళ్లు తొడుక్కున్నట్టు తిరిగింది.

పెద్దాయన బెంగళూరు మీదుగా రైల్లో వస్తున్నాడు. ఆయన్ని హిందూపురంలోనే కలిసి వెంటబెట్టుకు పోవాలని బావ ముందురోజే నా గదికి వచ్చాడు. పొద్దున ముగ్గురం ఒకే పెట్టెలో కూర్చున్నాం. పెద్దాయన సన్నగా, మర్యాదగా, మోకాళ్ల మధ్య గొడుగు పెట్టుకుని ఉన్నాడు.

"గాలి ఉంటుందంటావా ఇవాళ?" అని బావను అడిగాడు.

"చూడండి సార్, ఎట్ల కొడతాందో!" అని బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూపించాడు.

"బావా, అది రైలు గాలి" అన్నాను.

బావ చెయ్యి లోపలికి తీసుకున్నాడు. బయట చెట్లన్నీ ఫొటోకు నిలబడినట్టు నిలబడి ఉన్నాయి.

పెనుకొండ కొండ కనబడే మలుపు వచ్చింది. కొండ కింద తెల్లగా ఏదో మెరుస్తోంది.

"బావా, అదేంది ఆడ తెల్లగా? కొంగలా?"

బావ చూశాడు. కొంగలు అంత తిన్నగా వరసలో నిలబడవు. కొంగలకు ఎర్ర పట్టెలుండవు. పెద్దాయన అప్పుడు గొడుగు బాగుచేసుకుంటున్నాడు. రైలు దూకలేనంత వేగంగానూ, ప్రాణం తోడేసేంత నిదానంగానూ పోతోంది. ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ తెలుపు దగ్గరవుతుంటే చూస్తూ కూర్చున్నాం. వేరే చేయగలిగిందేమీ లేదు.

చేను దగ్గర వీధి వీధంతా నిలబడి ఉంది. మా అక్క కొత్తచీర కట్టుకుని ఎదురొచ్చింది. బావ ఊళ్లో లేని ఆ ఒక్కరోజులో ఆడవాళ్లందరినీ కూడగట్టి, ఇటుకముక్కలతో, చింతపండుతో తుప్పంతా రుద్దించింది. కమ్మరాయన్ని పిలిపించి, ముడుచుకున్న అంచులన్నీ సుత్తితో చదును చేయించింది. ఆ తర్వాత రెండు పూతల సున్నం, దాని మీద ఎర్రమన్ను పట్టెలు, పైన వేపాకు తోరణం. పెద్దాయన చెవులకు ఇబ్బంది కలగకుండా, రేకులు కొట్టుకోకుండా, ఒక్కోదాన్ని కింద రాయికి తాడుతో కట్టేసింది కూడా.

"మంది నవ్వుతారని నిన్నట్నుంచి కూడు తిన్లే. ఇంత పెద్దాయప్ప వస్తాంటే తుప్పు చూపిస్తామా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, బావను మాత్రమే అడిగింది: "ఎట్లుండాది?"

బావ రేకులను చూడలేదు. ఆమె చేతులను చూస్తున్నాడు. వేళ్ల చివర్లు సున్నానికి ఉడికి, తెల్లగా పగిలి ఉన్నాయి.

"బాగుండాది" అన్నాడు.

పెద్దాయన ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. తిరిగొచ్చి, నిలబడి, మెల్లగా అడిగాడు.

"ఇదేనా నువ్వు చెప్పింది?"

కాదండీ, నిన్నటిదాకా ఇది ఇలా లేదు, తెలియక సున్నం కొట్టారు. ఇంతే చెప్పాల్సింది. కానీ వీధంతా వింటోంది. మా అక్క వింటోంది. నాకు గొంతుదాకా వచ్చింది. బావ నావైపు చూసిన చూపుకు అది మళ్లీ కిందికి దిగింది.

"ఇదే సార్" అన్నాడు.

పెద్దాయన తలూపాడు. చాలా శుభ్రంగా ఉందన్నాడు. తోరణంలో ఒక్క వేపాకైనా కదల్లేదు. ఆ తర్వాత ఇంటికి పోయి ఓళిగలు, అదే బొబ్బట్లు, తిన్నాం. ఆయనకు అవి నిజంగా నచ్చాయి. మా అక్క ఒక మూట కట్టిచ్చింది.

తిరుగు రైలుకు నేనూ ఆయనతో ఎక్కాను, హిందూపురం దాకా. స్టేషన్లో బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"రైల్లో నోరు తెరవద్దబ్బా. రేపాయన జాబులో ఒక్కముక్క రాసినా మీ అక్కకు తెలుస్తాది."

రైలు కదిలి మలుపు తిరుగుతుండగా గాలి లేచింది. అలాంటిలాంటి గాలి కాదు. రేకులకు కట్టిన తాళ్లు పటపట తెగాయి. ఈ చివర రేకు తిరిగింది, దాని పక్కది తిరిగింది, వరసంతా మావైపు తిరిగింది. రైలు చప్పుణ్ణి మించి వాటి చప్పుడు వినపడింది. పెద్దాయన తల కిటికీ బయటపెట్టి, కొండ మరుగయ్యేదాకా చూసి, లోపలికి వచ్చి కూర్చుని, "ఆఁ, ఇది. ఇదే వాడు చెప్పింది" అన్నాడు.

మరుసటి ఆదివారం పోయి మా అక్కకూ బావకూ ఇదంతా చెప్పాను. మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుని, "చూసినావా, సున్నం కొట్టించబట్టే కదా రైల్లోకి కనపడింది!" అంది. బావ ఔనన్నాడు. కొన్నాళ్లకు మద్రాసు నుంచి కార్డు ముక్క వచ్చింది. ఓళిగల గురించి రెండు మంచి మాటలున్నాయి. రేకుల మాట లేదు. అది మర్చిపోయి ఉంటాడని మా అక్క ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. పైన రాసినవన్నీ పెంచినవే. కానీ పెంచడానికి వాటికింద కొంతైనా ఉంది. ఆ రైలు దగ్గరి గాలికి మాత్రం కింద ఏమీ లేదు. రైలు కదలడానికి అరగంట పట్టింది, ఈలోపే పెద్దాయన ఓళిగల మూట ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. మలుపు దగ్గర నేనొక్కణ్ణే కిటికీలోంచి చూశాను. తెల్లటి రేకులు, వాటి ముందు ఒక్క మనిషి. స్టేషను నుంచి పరుగెత్తి పోయినట్టున్నాడు, ఒక్కొక్క రేకు దగ్గరా వంగి తాళ్లు విప్పుతున్నాడు. ఏదీ కదల్లేదు.

ఆ ఆదివారం సాయంత్రం బావ నన్ను స్టేషనుదాకా సాగనంపాడు. రైలు గేటు దాటాక అడిగాడు.

"గాలి యా పక్కనుంచి వచ్చిందబ్బా?"

"పడమటి నుంచి బావా."

"ఊఁ" అన్నాడు. "ఆ పక్కనుంచే వస్తాది."