తాడు కొస పట్టినవాడు

గుట్టలెక్కి సినిమాలు తీసేవాళ్లంటే ఇప్పుడు జనానికి ఎంత గౌరవమో. మా కాలంలో మేం ముగ్గురం, మాకో పాత జీపు, చావి తిప్పితే నడిచే కెమెరా ఒకటి. హాల్లో పెద్ద సినిమా మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆడే బొమ్మలు తీసేవాళ్లం. మా బొమ్మ ఆడుతుంటే జనం ఇంకా జాగా వెతుక్కుంటూ, పల్లీలు నములుతూ ఉండేవాళ్లు. మా కీర్తి అంతవరకే.

సాబ్ పట్నం మనిషి. గుట్టలంటే ఆయనకు ప్రాణం, గుట్టల్లో బతికే మనుషులంటే చిరాకు. డ్రైవరే వంట చేసేవాడు. పట్నంలో సాబ్ భార్య తినే బల్ల మీదనే రీళ్లు పరుచుకుని, కత్తెరతో కోసి అతికించేది. నేను కట్టంగూరు దగ్గరి గొర్ల కాపరుల ఇంటివాణ్ని. అప్పటికి నాకు ముప్ఫై దగ్గర పడ్డాయి. కెమెరా స్టాండు మోయడం, చావి తిప్పడం, సాబ్ చెప్పేది ఊళ్లవాళ్లకు వాళ్ల మాటల్లో నచ్చజెప్పడం నా పనులు. ఆ మూడో పనిలో నన్ను మించినవాడు లేడని సాబ్ నలుగురిలో అనేవాడు. నచ్చజెప్పడమంటే ఆయన అర్థం అబద్ధమాడడమని నాకు తెలుసు. అయినా పొంగిపోయేవాణ్ని.

ఆ ఎండాకాలం అమ్రాబాదు అడవిలో తేనె తీసే చెంచులను తియ్యడానికి పోయాం. కృష్ణ మీదికి నిట్టనిలువుగా దిగే బండ, దాని నడుమ ఎడ్లబండి చక్రమంత తేనెపట్టు. తాడు కొసకు ఉచ్చు వేసి అందులో కాలు పెట్టి మనిషి దిగుతాడు. పైన తాడును చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి ఇంకొకడు పట్టుకుంటాడు. దించాలన్నా, లాగాలన్నా ఆ పైవాడి చేతులే. ఆ పైవాడు ఎప్పుడూ దిగేవాడి భార్యకు తోడబుట్టినవాడే అయి ఉండాలి. బావమరిది తప్ప ఇంకెవరూ ఆ తాడు ముట్టరు.

అదేం పట్టింపని అడిగితే దిగేవాడు నవ్వాడు. నలభై ఏళ్ల సన్నని మనిషి, నెమ్మదస్తుడు. "చెల్లె ముండమోసుడు ఏ అన్నకూ ఇష్టముండది. తమ్ముడనుకో, నేను వోతే నా పెండ్లాం వానికి వస్తది. మావోడు మంచోడే. కని తాడు కాడ మంచితనం సూడొద్దు" అన్నాడు. తమ్ముడు పక్కనే కూర్చుని ఆ మాట విన్నాడు. వాడికేమీ కోపం రాలేదు. అది వాళ్లకు నీళ్లు తాగినంత మామూలు.

సాబ్‌కు మాత్రం కుదరలేదు. బావమరిది ముఖం నిండా అమ్మవారి మచ్చలు, ఒక కంట్లో పువ్వు. తమ్ముడేమో ఇరవై రెండేళ్లవాడు, ఎత్తరి, విశాలమైన భుజాలు. తెర మీద ఆ మచ్చల మొఖం ఎవడు చూస్తాడు, తమ్ముణ్ని కూర్చోబెట్టు అన్నాడు సాబ్. వాళ్లు ఒప్పుకోరన్నాను. "ఒప్పుకునేటట్టు జెయ్. నిన్నెందుకు పెట్టుకున్న?" అన్నాడు.

బండ మీద, పట్టుకు కొంచెం పైన ఒక చిన్న గట్టు ఉంది. దిగేవాడు దాని మీద నిలబడి పచ్చి ఆకుల కట్ట అంటించి పొగపెడతాడు. ఈగలు లేచిపోయే దాకా అక్కడే ఉంటాడు కనుక అంతసేపూ తాడు మీద బరువుండదు. ఆ సంగతి ముందురోజే కనిపెట్టి పెట్టుకున్నాను. ఎంత తెలివైనవాణ్ని.

అతను గట్టు మీదికి దిగగానే బావమరిది దగ్గరికి పోయి, జీపు కాడ సాబ్ నీకు కొత్త దుప్పటి పెట్టిండు, డ్రైవర్‌ను అడిగి తెచ్చుకో, పొగ పోయేసరికి వస్తవు అన్నాను. అతను కదల్లేదు. తాడు మీద ఈగ వాలకుండా నేను చూస్తానన్నాను. గొర్రెపిల్లలను బావుల్లోంచి తాడుతో తీసిన చేతులు నావి, అది మాత్రం నిజమే. ఆ నిజం చెప్పి నమ్మించాను. అతను పోయాక తమ్ముణ్ని పిలిచి, మీ అన్న ఒప్పుకున్నాడు, ఫోటో కోసం కాసేపు నువ్వు పట్టు అన్నాను. వాడు రెండుసార్లు నిజమేనా అని అడిగాడు. రెండుసార్లూ నిజమేనన్నాను. నోరు తెరవొద్దు, అన్న తాడు గుంజితే నువ్వూ గుంజు, చాలు అని కూడా చెప్పాను.

సాబ్ పక్క గుట్ట మీద కెమెరా పెట్టి తమ్ముడి చేతులు, ముఖం తీస్తున్నాడు. నేను చావి తిప్పి ఇచ్చి మళ్లీ తాడు దగ్గరికి ఉరికి వచ్చాను. బావమరిది ఇంకా రాకముందే కింద అతను ఉచ్చులో కాలు పెట్టి తాడు గుంజాడు, తమ్ముడు దించితే పట్టు దాకా పోయాడు. కోత కూడా మొదలుపెట్టాడు. ఈగలు మళ్లీ ముసిరినట్టున్నాయి, ఇంకొంచెం దించమని కేకేశాడు. తమ్ముడు అలవాటు కొద్దీ బదులిచ్చాడు.

"అన్నా, ఇడుస్తున్న."

బావా అని రావలసిన చోట అన్నా అని వచ్చింది. పైన ఎవరున్నారో అతనికి తెలిసిపోయింది. తాడు గట్టిగా ఊగడం మొదలైంది. లాగే దాకా ఆగకుండా తనే చేతుల మీద పైకి ఎక్కి వస్తున్నాడు. తమ్ముడు "అన్నా, నేను పట్టుకున్న, ఆగు" అని అరుస్తున్నాడు. వాడు అరిచినకొద్దీ తాడు ఇంకా ఊగింది. అతని చేతుల నిండా తేనె. ఉన్నట్టుండి తాడు తేలికైపోయింది. బరువు పోయినా తమ్ముడు తాడు వదల్లేదు. అట్లాగే వెనక్కి వాలి పట్టుకుని కూర్చున్నాడు. వాడి అరచేతుల తోలు లేచిపోయింది.

బావమరిది దుప్పటి భుజాన వేసుకుని వచ్చేసరికి చెట్టు దగ్గర తాడు పట్టుకుని తమ్ముడున్నాడు. ఇంకేం చెప్పాలి. దుప్పటి అక్కడే పారేసి వాడి మీద పడ్డాడు. గూడెమంతా ఉరికొచ్చింది. చనిపోయినవాడి భార్య ఏడవలేదు, మరిదినే చూస్తూ నిలబడింది. తమ్ముడు దెబ్బలు తింటూనే నా దిక్కు తిరిగి రెండు చేతులూ చాపాడు.

"నువ్వు సూసినవ్ గద. నేను ఇడువలే. గా ఒక్క మాట మా వదినెకు చెప్పు."

ఒక్క మాటే. వాడు పట్టు వదల్లేదు, మీ అన్నను తాడు కాడి నుంచి పంపింది నేనే అని ఆమెతో అంటే చాలు. సాబ్ అప్పటికే కెమెరా సర్దుకుని జీపు దగ్గరికి పోతున్నాడు. నోరు తెరిస్తే పోలీసులొస్తారని డ్రైవర్ నా చెయ్యి పట్టి లాగాడు. అంత గట్టిగా లాగలేదు. నేనే పోయి జీపెక్కాను. భయమేసింది, అంతకన్నా పెద్ద కారణం లేదు.

తమ్ముణ్ని గూడెం నుంచి వెళ్లగొట్టారని, మళ్లీ అడుగు పెడితే గొడ్డలితో నరుకుతానని బావమరిది అందరి ముందూ ఒట్టేశాడని కొన్నాళ్లకు అచ్చంపేట అంగట్లో డ్రైవర్ విని వచ్చి చెప్పాడు. రీలు పాడు కాలేదు కదా అన్నాడు సాబ్.

పాడు కాలేదు. మనిషి పడిన ముక్క సాబ్ భార్య కోసేసింది. తాడు పట్టిన చేతుల ముక్క ఆమెకు తెగ నచ్చింది. ఇతనెవరని నన్ను అడిగింది. బావమరిది అన్నాను. చెల్లెలి పసుపుకుంకుమల కోసం ఊపిరి బిగబట్టి తాడు పట్టిన అన్న అని, బొమ్మ వెనక వినబడే మాట రాయించింది ఆ మహాతల్లి. హాల్లో ఆ మాటకు జనం చప్పట్లు కొట్టారు, పల్లీలు నమలడం కూడా ఆపారు. నల్లగొండలో ఆ బొమ్మ ఆడినప్పుడు బాపును తీసుకుపోయాను, కొడుకు గొప్ప చూస్తాడని. ఆయన తెర మీది చేతులనే చూసి, "ఈ పట్టు ఇడిసేటోని పట్టు గాదు" అన్నాడు. ఆ ఒక్క మాట నేను గూడెంలో అని ఉంటే! బాపు మీద నాకు ఎందుకో కోపం వచ్చింది.

మూడేళ్ల తర్వాత కృష్ణ మీద కడుతున్న పెద్ద ఆనకట్టను తియ్యడానికి పోయాం. వేలమంది కూలీలు. అందులోంచి ఒకడు రాళ్ల గంప నెత్తిన పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడే. సగమైపోయాడు. తాళ్లతో బండలు లాగే పని ఇస్తామన్నా ఒప్పుకోడని, నెత్తి మోతే మోస్తాడని పక్క కూలీ చెప్పాడు. వాడు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"చెప్పినవా?" అని అడిగాడు.

వెలుతురు పోతోందని సాబ్ వెనక నుంచి విసుక్కుంటున్నాడు. వాడేమో గంప దించకుండా నా నోటి వైపే చూస్తున్నాడు. వాణ్ని నా ముందు నుంచి పంపెయ్యాలని తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. అలవాటైన నోరు, తడుముకోలేదు.

"చెప్పిన. మీ వదినెకు సమజైంది. నిన్ను రమ్మన్నది."

వాడు గంప మెల్లగా కింద పెట్టాడు. నెత్తి మీది చుట్టగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. మా బావ, అంటే అన్న బావమరిది, ఆయనేమన్నాడని అడిగాడు. ఆయనా రమ్మన్నాడన్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి అరచేతులు బండల్లా గట్టిపడి ఉన్నాయి. మేస్త్రీ పిలుస్తున్నా వినకుండా నది ఒడ్డునే ఎగువకు, అడవి దిక్కు నడిచాడు.

ఎవడు వాడని సాబ్ అడిగాడు. ఎవడో కూలీ అన్నాను. "నడక మంచిగున్నది, తీద్దాం" అన్నాడు సాబ్. కేకేస్తే ఆగేంత దూరంలోనే ఉన్నాడు. నేను కెమెరాకు చావి తిప్పి ఇచ్చాను. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. ఆ ముక్క కూడా బాగా వచ్చిందని సాబ్ భార్య మెచ్చుకుంది.

అచ్చంపేట దిక్కు మళ్లీ పోలేదు. వాడు గూడెం చేరాడో లేదో ఇన్నేళ్లలో ఎవర్నీ అడగలేదు.