కాలువ కట్టేసిన కవిత

రేపు పొద్దున్న పదింటికి పాపని తీసుకుని రాజమండ్రిలో పిల్లల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. వచ్చేటప్పుడు నింపి తెమ్మని ఆవిడ పోయినవారం ఒక ఫారం ఇచ్చారు. మా పాపకి రెండేళ్ళు నిండి నాలుగు నెలలైంది. ఇంకా మాటలు రాలేదు. ఫారంలో ఇరవై వరసలు, రెండేసి గడులు. ఒక గడిలో పాప వాడే మాట రాయాలి, పక్క గడిలో దాని అర్థం. కింద కొన్ని ప్రశ్నలు కూడా ఉన్నాయి. పాప పడుకున్నాక ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటే మొదటి వరస దగ్గరే ఆగిపోయాను. పాపకి ఉన్నది ఒక్కటే మాట. "నీ". నీళ్ళన్నమాట. అయితే గ్లాసు చూసినా "నీ"యే, స్నానాల గది తలుపు చూసినా "నీ"యే, డాబా మీద ట్యాంకు పొర్లుతున్న చప్పుడు విన్నా, వీధి చివర కాలువ చూసినా అదే. ఇది ఒక మాటా, నాలుగు మాటలా? అమ్మ అనే మాట ఇరవై వరసల్లో ఎక్కడా రాయడానికి లేదు.

ఇలాంటి గడుల కాగితం నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్ళ కిందట ఎమ్మే తెలుగు చదివేటప్పుడు ఒకటి నేనే గీశాను. దానికి కారణం మాకు ఆధునిక కవిత్వం చెప్పిన మేడం. ఆవిడది అనంతపురం వైపు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సీసాలో తెచ్చుకున్న నీళ్ళు సాయంత్రానికి మిగిలిపోతే పారబొయ్యకుండా వరండాలో క్రోటన్ కుండీ దాకా వెళ్ళి పోసి వచ్చేవారు. కుళాయి తిప్పి వదిలేసి కబుర్లు చెప్పుకునే మాకు అది పెద్ద వేడుక. ఆవిడ ఏ పాఠం మొదలుపెట్టినా ప్రతీకల దగ్గరికి వచ్చి ఆగేవారు. ఆ జబ్బు మాకూ అంటుకుంది. హాస్టల్లో సాంబారు పల్చగా వస్తే "ఇది దేనికి ప్రతీకే?" అని ఒకతి అడిగేది, "కందిపప్పు ధరకే!" అని ఇంకొకతి అందుకునేది.

ఒకరోజు ఆవిడ రెండు కవితలు పక్కపక్కన పెట్టి పోల్చి చూపించారు. రెండింటిలోనూ నీళ్ళే ప్రతీక. మొదటి కవి పట్నంవాడు. ఆయన కవితలో చీకటి కమ్ముతుంది, ఉరుముతుంది, వాన కురుస్తుంది, మొలక లేస్తుంది. చీకటంటే దోపిడీ, వానంటే తిరుగుబాటు, మొలకంటే రాబోయే తరం. నాకు ప్రాణం లేచొచ్చింది. అడిగినదానికల్లా జవాబుంది. రెండో కవి మా గోదావరి వైపువాడే. ఆయన కవిత పది పంక్తులు కూడా ఉండదు. కాలువ కట్టేశారు. ఒకావిడ అలవాటు కొద్దీ బిందె పట్టుకుని రేవులోకి దిగుతుంది. ఆఖరి మెట్టు మీద కాసేపు కూర్చుంటుంది. ఖాళీ బిందెతో ఇంటికి వెళ్ళిపోతుంది. అంతే.

కాలువ కట్టెయ్యడమంటే ఆ మనిషి గొంతు నొక్కెయ్యడమని మేడం అరగంట చెప్పారు. చెప్పీ చెప్పీ ఆవిడ గొంతే బొంగురుపోయింది. అప్పుడు నా పక్కనుండే రావులపాలెం అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళ నాన్నగారిది అరటి తోట.

"మేడం, కాలవ ఏటా కట్టేస్తారండి."

"ఎవరు కట్టేస్తారు?"

"ఇరిగేషన్ వాళ్ళండి, ఏప్రిల్లో. గుర్రపుడెక్కా పూడికా తీయించుకోవాలి కదండి. మళ్ళీ జూన్లో వదిలేస్తారండి."

"గొంతు నొక్కలేదండి మేడం, గొంతు శుభ్రం చేయించారండి!" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. క్లాసు క్లాసంతా గొల్లుమంది. మేడంకి కోపం వస్తుందనుకున్నాం. రాలేదు. ఆవిడ పుస్తకం మూసి, మా రావులపాలెం అమ్మాయి వంకే చూస్తూ అడిగారు, "వదుల్తారా? ఖాయంగానా?"

"ఖాయంగానండి. పేపర్లో తేదీ కూడా వేస్తారండి."

మళ్ళీ నవ్వాం. నీళ్ళు వదులుతారా అని అడిగే మనిషిని మేమెవరం అంతకుముందు చూడలేదు. "మా ఊళ్ళో నీళ్ళు పోతే పోయినట్టే" అన్నారావిడ. "అందుకే నాకట్లా అనిపించిందేమో. సరే, కవులిద్దర్నీ పోల్చి రాసుకురండి."

నేను పోల్చి రాయలేదు, గడులు గీశాను. మొదటి కవివి చకచకా నిండిపోయాయి. రెండో కవి దగ్గర చెమటలు పట్టాయి. నీళ్ళంటే ఆశ అని రాశాను. బిందె అంటే స్త్రీ జీవితం. మెట్టు దగ్గర చాలాసేపు ఆగి, సమాజం అని రాశాను. ఏమీ తోచనప్పుడు సమాజం అని రాస్తే మార్కులు పడతాయని సీనియర్లు చెప్పారు. పడలేదు. మేడం నన్ను గదికి పిలిచి, "మెట్టును మెట్టుగా ఉండనీవేమ్మా?" అన్నారు. "ముందు అవి నీళ్ళు కావాల. ఆయమ్మకు దప్పిక కావాల. తర్వాతే ఏమన్నా. అర్థం తేలకపోతే నీకు ఊపిరాడదు. అది చదువు కాదు తల్లీ, భయం." ఆ సాయంత్రం హాస్టల్లో దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చాను. మార్కుల కోసమని అందరికీ చెప్పాను.

ఆ భయం నాతోపాటే అత్తవారింటికి వచ్చింది. పాప పుట్టాక దానికి చేతినిండా పని దొరికింది. పాప మునివేళ్ళ మీద నడిస్తే దేనికి గుర్తు? తిరిగే ఫ్యాను వంక అలా చూస్తూ ఉండిపోతే? పిలిచిన వెంటనే తిరగకపోతే? ఫోన్లో వెతికితే ప్రతిదానికీ జవాబు ఉంటుంది, అచ్చం ఆ మొదటి కవికి లాగే. రొయ్యల మేత వాసనతో ఇంటికొచ్చే మా ఆయన, "పాపని చూడు, ఫోను కాదు" అంటారు. అత్తయ్యగారిది వేరే ధోరణి. "మీ ఆయనకి నాలుగో ఏడు దాకా నోరే పెగల్లేదమ్మాయ్. ఇప్పుడు ఆపమంటే ఆపుతున్నాడేంటి?" నేను నవ్వుతాను. తర్వాత లోపలికి వెళ్ళి నాలుగేళ్ళ దాకా మాటలు రాకపోవడం గురించి కూడా ఫోన్లో వెతుకుతాను.

ఇవాళ సాయంత్రం పాపా, అత్తయ్యగారూ, నేనూ రేవు దాకా నడిచాం. కాలువ కట్టేసి నాలుగు రోజులైంది. అడుగున నల్లటి బురద అక్కడక్కడా నెర్రెలిచ్చింది. దూరంగా ఒక పొక్లెయిన్ గుర్రపుడెక్కని గుట్టలుగా గట్టు మీదికి లాగుతోంది, దాని వెంట కొంగలు. చేపల నీచూ, కుళ్ళిన నాచూ కలిసిన వాసన. పాప నా వేలు వదిలించుకుని ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగి, ఆఖరి మెట్టు మీద నిలబడింది. బురద వంక చూసింది. వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ చూసింది. రెండు అరచేతులూ విప్పి, "నీ?" అంది.

ఇప్పటిదాకా పాప "నీ" అంటే నీళ్ళు ఆ దగ్గర్లోనే ఉండేవి. చివర ఇలాంటి సాగదీత ఎప్పుడూ లేదు. వీడియో తీద్దామంటే ఫోను ఇంట్లో ఉండిపోయింది. అత్తయ్యగారు మాత్రం పక్కింటివాళ్ళకి చెప్పినట్టు చెప్పారు. "కట్టేశారే బంగారం. పూడిక తీసుకోవాలి గదా. జూన్లో వదుల్తార్లే." పాప ఆ మాట విని మెట్టు మీద చతికిలబడింది. అత్తయ్యగారిని నేను ఒకటి అడగబోయి, నాలుక కరుచుకున్నాను.

ఫారం కింద ఒక ప్రశ్న ఉంది. ఎదురుగా లేనిదాని గురించి పాప అడుగుతుందా అని. పోయినవారమే దానికి లేదని టిక్కు పెట్టేశాను. ఇందాక దాన్ని కొట్టేసి అవునని పెట్టాను. పెట్టినప్పట్నుంచీ కుదురు లేదు. మళ్ళీ మెట్టు పక్కన సమాజం అని రాస్తున్నానేమో. పాప అరచేతులు ఊరికే విప్పిందేమో. రెండుసార్లు లేచి వెళ్ళి పాప మీద దుప్పటి సర్ది వచ్చాను. చివరికి మొదటి వరసలో "నీ" అని రాసి, పక్క గడిలో "నీళ్ళు" అని మాత్రం రాశాను. మిగిలిన పంతొమ్మిది వరసలూ ఖాళీ. రేపు డాక్టరుగారు వాటిని చూసి "వస్తాయమ్మా" అంటే, ఇవాళ రేవులో మింగేసిన మాటే ఆవిడని అడుగుతాను. ఖాయంగానా అని. ఆ రోజు మేడం నోట అదే విని క్లాసంతా నవ్వాం, అందరితోపాటు నేనూ నవ్వాను. అది నవ్వాల్సిన ప్రశ్న కాదని తెలియడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.