నిమ్మతొక్కల సీసా

మందు వాసనంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఈ మాట నేను చెప్పినన్నిసార్లు పలాసలో ఇంకెవరూ చెప్పి ఉండరు. మా తమ్ముడు తాగే రోజుల్లో వాడి చొక్కాలు ఉతికింది నేను, వాడు కక్కింది బూడిద పోసి ఎత్తింది నేను. ఒకసారి "ఆ కంపుతో నా గడప తొక్కకురా" అని వాడి మొహం మీదే తలుపేసింది కూడా నేనే. అందుకే ఇప్పుడీ సంగతి చెప్పడానికి సిగ్గేస్తోంది. సిగ్గు కూడా కాదు, రోత.

నాతో పాటు బళ్ళో పనిచేసే టీచరు ఒకావిడ విశాఖలో ఫ్లాటు కొనుక్కుని మమ్మల్ని భోజనానికి పిలిచింది. అక్కడ పొడుగు గ్లాసులో ఐసు, సోడా, పుదీనాకు వేసి లేత పసుపు రంగుది ఒకటి చేతికిచ్చారు. నిమ్మ లిక్కరుతో కలిపిందట, ఆ లిక్కరు ఇంట్లోనే చేశారట. తాగాను. చల్లగా, తియ్యగా దిగి, చివర గొంతులో కాస్త వెచ్చగా తగిలింది. నచ్చింది. ఏం దాచను, ఇంకో గ్లాసు కూడా పుచ్చుకున్నాను. బ్రాందీ తాగేవాడు తాగుబోతు, ఇది మాత్రం షోకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంటికొచ్చి ఫోన్లో వీడియోలు చూశాను. మా ఆయన వోడ్కా సీసా తెచ్చిపెట్టాడు. నిమ్మకాయల కోసం తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు పూండి దగ్గర మా పుట్టినూళ్ళోనే ఉంటాడు, పెరట్లో నూతి పక్కన నిమ్మచెట్టుంది. "పచ్చడి పెట్టాలిరా, తొక్క మీద మచ్చ లేని కాయలు కావాలి" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. అప్ప, అంటే అక్క, అడిగిందని మరునాడే వాడు సంచి నిండా తెచ్చాడు, ఒక్కో కాయా గుడ్డతో తుడిచి మరీ.

తొక్క పల్చగా తియ్యాలి, లోపలి తెలుపు తగిలితే చేదెక్కుతుంది. చెక్కు తీసే కత్తితో వేళ్ళు మండేదాకా తీసి, గాజు జాడీలో వేసి, వోడ్కా పోసి బియ్యం డబ్బా వెనక దాచాను. పది రోజులయ్యాక చూస్తే తొక్కల రంగంతా దిగిపోయింది. పాలిపోయి, చాకిరేవులో నానిన వేళ్ళలా ఉన్నాయి. ఇక జాడీలోని ద్రవం, మా ఉద్దానంలో కిడ్నీ పరీక్షకని ఆసుపత్రికి సీసా పట్టుకెళ్ళిన ప్రతివాళ్ళకీ ఆ రంగు తెలుసు. తొక్క తీసిన బోడికాయలు బేసిన్లో మర్చిపోయాను, బూజు పట్టి జిగురు కారుతున్నాయి. తమ్ముడు తుడిచి తెచ్చిన కాయలవి. ముక్కు మూసుకుని పెంటలో పారేశాను. అంత అసహ్యం కలిగినా మానానా అంటే, లేదు. వడకట్టి, పంచదార పాకం చల్లార్చి కలిపాను.

సోడా కలిపి ఇస్తే మా ఆయన ఒక గుక్క తాగి, "ఏటే ఇది, గిన్నెలు తోమే సబ్బులాగుంది" అన్నాడు. నేను మాత్రం గ్లాసు ఖాళీ చేశాను. మిగిలింది పాత స్క్వాష్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంటి ప్రార్థనకొచ్చే ఆడవాళ్ళు తలుపు తీసినా అనుమానం రాకూడదని ఆ తెలివి.

ఇక్కడ మా చర్చి సంఘం సంగతి చెప్పాలి, తమ్ముడూ ఆదివారాలు ఇక్కడికే వస్తాడు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఏసు కడరాత్రి భోజనానికి గుర్తుగా చిన్న రొట్టెముక్క, చిట్టి గ్లాసులో ద్రాక్షరసం. తాగి తిరిగేవాణ్ణి బల్ల నుంచి ఆపేస్తారు. గుడికి రావచ్చు, పాడవచ్చు, పళ్ళెం మాత్రం వాడి ముందు నుంచి వెళ్ళిపోతుంది. మా తమ్ముణ్ణి రెండేళ్ళు ఆపారు. వాడు చుక్క ముట్టకుండా ఏడాది గడిపి, సంఘం ముందు నిలబడి ఇక తాగనని మాటిచ్చాడు. వచ్చే ఆదివారం బల్ల తీసుకోవచ్చని పెద్దలు ఒప్పుకున్నారు.

దానికి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, తెల్ల చొక్కా కొనుక్కోవడానికి వాడు పలాస వచ్చాడు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. తోడబుట్టినవాడు నీళ్ళు అడిగి తాగుతాడా, తిన్నగా ఫ్రిజ్ తీశాడు. వేసవిలో ఆ స్క్వాష్ సీసాలో ఎప్పుడూ నిమ్మరసమే ఉంటుందని వాడికి తెలుసు. స్టీలు గ్లాసులో వంపుకుని, నీళ్ళు కలిపి, ఎండన పడొచ్చిన దాహంలో రెండు గుక్కలు మింగేశాడు.

నేను దిగేసరికి కుళాయి దగ్గర వంగి, గొంతులో వేలు పెట్టుకుని కక్కుతున్నాడు.

"ఇదేటప్పా?"

"పులిసిపోయిందిరా, పాతది."

"నాకు తెల్దేటప్పా ఆ వాసన?" అన్నాడు. కుళాయి కట్టేసి, "పచ్చడికన్నావు గదా" అన్నాడు.

"తెలీక తాగేవురా, అది లెక్కలోకి రాదు, ఎవరికీ సెప్పకు" అన్నాను. వాడు మూతి తుడుచుకుని, చొక్కా సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సీసా పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మళ్ళీ మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఛీ, నా బతుకు.

ఆదివారం వాడు కొత్త చొక్కాతో మగవాళ్ళ వరసలో కూర్చున్నాడు. ఎవరి మనసు వాళ్ళు చూసుకుని చెయ్యి చాపండి అన్నారు పాస్టరుగారు. పళ్ళెం వాడి దగ్గరకొచ్చింది. వాడు తీసుకోలేదు. తలొంచుకుని పక్కవాడికి అందించాడు. నా పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, "మళ్ళీ మొదలెట్టీసినాడు కావాల" అంది. ఇంతలో పళ్ళెం నా ముందుకొచ్చింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. రొట్టె తీసుకున్నాను. ద్రాక్షరసం తాగాను.

ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరుగారు వాణ్ణి ఆపారు. "తాగావా?"

"తాగినానయ్యగారు."

"ఎక్కడ?"

వాడు నా వైపు చూడనైనా చూడలేదు. "ఎక్కడైతే ఏటయ్యగారు, తాగినాను."

ఇంకో ఏడాది చూద్దాం అన్నారాయన. వాడు తలూపాడు. నేను వాడికి బారెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నోట్లో ద్రాక్షరసం తీపి ఇంకా పోలేదు, నేను నోరు విప్పలేదు.