మొగిలమ్మ బావి నీళ్లు

మడికొండ నయీముద్దీన్‌ది భూగర్భజల శాఖలో చిన్న ఉద్యోగం. ఊరూరూ తిరిగి బావి నీళ్లలో ఉప్పెంతుందో చూడటం అతని పని. టిఫిన్ డబ్బా అంత మీటరు, దానికి వైరుతో వేలాడే గొట్టం. గొట్టాన్ని నీళ్లలో ముంచితే లోపలున్న రెండు రేకుల మధ్య కరెంటు పారుతుంది. ఉప్పు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ పారి, మీటరు ముల్లు కుడికి జరుగుతుంది.

1980 ఎండాకాలంలో రఘునాథపల్లి పక్క ఊళ్లో మొగిలమ్మ అనే రైతు బావికి వెళ్లాడు. అంతకు కొన్నాళ్ల ముందే ఆ బావి తవ్వుతూ ఆమె పెనిమిటి కట్టయ్య రాయిని పేల్చడానికి తూటా పెట్టాడు. ఎంతకీ పేలలేదని చూడటానికి దిగాడు. అప్పుడు పేలింది. మనిషి పోయాడు, అదే రాయి కింద జల పడింది.

"జర ఉప్పగున్నయి సారూ. కొత్త జల గదా, తోడంగ తోడంగ పోతదంటున్నరు," అంది మొగిలమ్మ.

ముల్లు చూసి నయీముద్దీన్ గొట్టం కడిగి మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే.

"అక్కా, ఈ నీళ్లు మిర్చికి పెట్టకు. చెట్టు మాడిపోతది."

"మరేం పెట్టాలె? ఇంకో బావి తవ్వుతందుకు ఇంట్ల మనిషున్నడా?"

ఉప్పు కొలవడమే తప్ప తీయడం అతనికి తెలియదు. ఆఫీసులో కిషన్ రావు సారును అడిగితే, "వానలు మంచిగ పడితే తగ్గొచ్చు," అన్నాడు. ఆ మాటే పట్టుకెళ్లి ఆమెకు చెప్పాడు.

మరుసటేడు వానలు దంచి కొట్టాయి. ముల్లు నిజంగానే వెనక్కి తగ్గింది. "దిగుతాంది అక్కా!" అన్నాడు పట్టలేని సంతోషంతో. మొగిలమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. అతని మాట మీద చేనంతా మిర్చి నాటింది. చలికాలం దాటేసరికి బావిలో నీళ్లు అడుగంటాయి, ఉప్పు మళ్లీ ఎక్కింది. కాత మీదున్న చెట్లు ఆకు అంచులు కాలి, నిలువునా ఎండిపోయాయి. సాళ్లలో తెల్లగా ఉప్పు పేరుకుంది. అతను పోయినప్పుడు ఆమె ఎప్పటిలాగే చాయ్ పెట్టి ఇచ్చింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

కొన్నేళ్లకు ఎనుమాముల మార్కెట్లో కనిపించింది. ముక్కుకు కొంగు కట్టుకుని, కూలికి మిర్చి తొడిమలు తీస్తోంది. చేను బీడు పడిందట.

"మా బావి కాడికి పోతాన్నవా సారూ?"

"పోయిన నెల పోయిన."

"ఎట్లున్నయి నీళ్లు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. చేను నిండా ఎండిన మిర్చి కళ్ల ముందు మెదిలింది.

"ఇంకా ఎక్కువైనయి అక్కా."

ఆమె చేతిలోని కాయ తొడిమ తుంచింది. "అయితే మా ఆయన ఉత్తగనే పాయె," అంది.

 ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా ఎవరైనా, "ముందుముందు మంచిగైతయా సాబ్?" అని అడిగితే, నయీముద్దీన్ విననట్టే మీటరు సైకిలుకు కట్టుకుని కదిలేవాడు.