మార్తమ్మ గారి ముక్కు

గులాబీ సెంటు వాసన తగిలితే చాలు, నా చేతులు వాటంతటవే వీపు వెనక్కి పోతాయి. మొన్న ఏలూరులో మా క్రీముల యూనిట్‌కి సెంట్లు అమ్మే కంపెనీ మనిషి ఒకాయన వచ్చి చిన్న సీసా మూత తీశాడు. "ఒక్క చుక్క కలపండి మేడమ్, మీ క్రీమ్ అదిరిపోద్దండి" అన్నాడు. నేను అప్పటికే చేతులు దాచేసుకున్నాను. నలభై దాటినదాన్ని, పదిమందికి పని చూపిస్తున్నదాన్ని, ఇంకా మార్తమ్మ గారి గేటు దగ్గర నిలబడ్డట్టే ఉంటాను.

కలిదిండి దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆవిడ సూపర్‌వైజర్. పొట్టి మనిషి. చర్చికి కట్టుకెళ్ళే చీరకి చేసినంత శ్రద్ధగా తెల్ల కోటుకి ఇస్త్రీ చేసుకునేవారు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, లోపలికెళ్ళే ప్రతి మనిషి చేతులూ తిప్పి చూసి, వాసన పట్టేవారు. సెంటు వాసనొస్తే లోపలికి రానిచ్చేవారు కాదు. అది రొయ్యకి పట్టిందంటే సరుకంతా తిరిగొస్తుంది. చేతులు పగిలి ఉన్నా ఆపేసేవారు, అది జనం తినే వస్తువు కాబట్టి.

తాడేపల్లిగూడెంలో బీఎస్సీ చదువుతూ వేసవి సెలవుల్లో నేనక్కడ పనికి చేరాను. వారం తిరిగేసరికి చేతులకి రొయ్యల కంపు పట్టేసింది. బస్సులో పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారని నాకు ఒకటే అనుమానం. ఓ రోజు గులాబీ క్రీమ్ దట్టంగా పూసుకుని వెళ్ళాను. నా చేతుల్ని ఆవిడ ముక్కు దాకా కూడా తీసుకెళ్ళలేదు.

"ఏంటమ్మా, పెళ్ళికొచ్చావా?"

"కంపు కొడుతున్నాయండీ, అందుకని..."

"కప్పితే పోదమ్మా. కడిగితే పోద్ది."

కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, వాసన లేని సబ్బుతో మూడుసార్లు, గోళ్ళ సందులతో సహా, అందరూ చూస్తుండగా ఆవిడే కడిగారు. "ఇప్పుడెళ్ళు లోపలికి" అన్నారు. ఆవిడంటే ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట ఎక్కువ కాలం నిలవలేదు. ఐసు నీళ్ళు, క్లోరిన్ నీళ్ళు, గ్లౌజుల్ని చీల్చే రొయ్య తల ముల్లు, వీటి మధ్య అందరి చేతులూ పగిలేవి. నా పక్కన ఒలిచే కాంతమ్మ వేళ్ళయితే నెత్తురు చిమ్మేవి. "ఈ ఒక్కరోజూ పంపండి మార్తమ్మగారండీ" అని ఆమె బతిమాలినా ఆవిడ వెనక్కి పంపేశారు. పంపేసి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను చూశానని గమనించి అన్నారు: "కెమిస్ట్రీ అంటున్నావు కదమ్మా. పగుళ్ళు మానాలి, వాసన మిగలకూడదు. అలాంటిదొకటి చెయ్యకూడదూ?"

చదువయ్యాక హైదరాబాదులో క్రీముల కంపెనీల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడందరూ తెల్లబడటం మాట తగ్గించి, చర్మం పై పొరని కాపాడటం గురించి మాట్లాడుతున్నారు. ఆ పొరలో సహజంగా ఉండే సెరమైడ్లనే కొవ్వుల్ని క్రీముల్లో కలుపుతున్నారు. రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ చర్మం మీద పల్చగా పరుచుకుని తేమని పట్టి ఉంచుతుందని తెలిసిన రోజున నాకు కాంతమ్మ వేళ్ళే గుర్తొచ్చాయి. ఏలూరు వచ్చేసి, ఆ రెండూ కలిపి క్రీమ్ చేశాను. పొట్టు వాసన లీలగా మిగిలింది. కాస్త లావెండర్ వేసి, డబ్బా పట్టుకుని గర్వంగా మార్తమ్మ గారి గేటు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ చాలాసేపు వాసన చూశారు. "పూల వెనకాల రొయ్య ఉందమ్మా. మళ్ళీ కప్పావు."

నా మొహం మాడిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. తర్వాత లావెండర్ తీసేసి, ఆ పొట్టు సరుకునే మళ్ళీ మళ్ళీ శుద్ధి చేసుకుంటూ కూర్చున్నాను. ఎన్ని బ్యాచ్‌లు పారబోశానో నాకే తెలియదు.

ఆఖరి డబ్బాని ఆవిడ ఒకసారి వాసన చూశారు. కళ్ళు మూసుకుని ఇంకోసారి చూశారు. చేతికి రాసుకుని, కాసేపాగి మళ్ళీ చూశారు.

"ఏం వేశావమ్మా ఇందులో?"

"మన రొయ్యల పొట్టేనండీ."

గేటు దగ్గర ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. కాంతమ్మని పిలిచి, "రోజూ పనయ్యాక రాసుకో, పొద్దున్న నేను చూస్తాను" అన్నారు.

మిగతావాళ్ళకీ డబ్బాలిచ్చి, నెల తిరిగాక వెళ్తే, ఆ ఉదయం గేటు దగ్గర ఒక్కరు కూడా ఆగిపోలేదు. కాంతమ్మ రెండు అరచేతులూ పైకెత్తి నాకు చూపించి మరీ లోపలికి నడిచింది. వరస చివర నేనున్నాను. మార్తమ్మ గారు నా చేతులు కూడా తిప్పి చూసి, వాసన చూసి, "ఎళ్ళు లోపలికి" అన్నారు. అక్కడ నేను పని మానేసి ఎన్నో ఏళ్ళయింది. అయినా తలెత్తుకుని వెళ్ళాను.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. మా క్రీమ్ ఇప్పుడు జంగారెడ్డిగూడెం పొగాకు పనివాళ్ళ దాకా వెళ్తోంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేకపోయానని నాకు దిగులు. మొన్న వచ్చిన ఆ సెంటు ఆయనకి కాఫీ ఇచ్చి, సీసా మూత పెట్టించి పంపేశాను. కుళాయి దగ్గర మూడుసార్లు చేతులు కడుక్కున్నాను, గోళ్ళ సందులతో సహా. వాసన చూసుకుని, లోపలికి వెళ్ళాను.