బస్రా వెళ్ళినవాళ్ళ పేర్లు

నాలుగో తరగతి నన్ను రెండేళ్ళు భరించింది. మూడో ఏడు నేనే బడి మానేస్తే అది ఊపిరి పీల్చుకుంది. అలాంటి నేను ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ప్రపంచ చరిత్రలో పరిశోధన చేసే మా బావకు తోడుగా తెనాలి నుంచి జమ్మలమడుగు బయల్దేరాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళ వివరాలు ఆయనకు కావాలి.

ఎర్రగుంట్లలో బస్సెక్కాం. పక్క సీట్లో ఒక నడివయసు ఆవిడ, ఎదిగిన కొడుకు. మాటల్లో ఆమె తండ్రి ఆ యుద్ధానికే ఇరాకులోని బస్రా వెళ్ళాడని తెలిసింది. బావ వెంటనే పెన్ను తీశాడు.

"ఆయన పేరేమిటమ్మా?"

ఆమె కొడుకు చొక్కా గట్టిగా పట్టుకుని, "బస్సు ఆపప్పా, మేం దిగిపోతాం!" అని కండక్టరును కేకేసింది.

"ఏందక్కా, ఏమైంది?" అన్నాడు కండక్టరు.

"మా నాయన పేరు రాసుకున్న మర్నాడే తోలుకపోయినారు. మళ్ళీ రాలా. ఇప్పుడు నా కొడుకు కోసరం వచ్చినారు!"

బస్సంతా మావైపు తిరిగింది.

"అమ్మా, మా బావ యుద్ధాల గురించి చదువుతాడంతే. బల్లిని చూస్తే మంచమెక్కుతాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. బావ పెన్ను జేబులో పెట్టేశాక ఆమె దిగే మాట మానింది. అయినా జమ్మలమడుగు దాకా ఆమె ఆ చొక్కా వదల్లేదు.

దిగాక ధైర్యం చెబుదామని, "ఆ యుద్ధం ఎప్పుడో అయిపోయిందమ్మా" అన్నాను.

"అయిపోయిందని మా ఇంటికొచ్చి ఎవురు చెప్పినారప్పా?" అంది.