రెండు వేళ్ల సందు

మా ఎదురింటామె చేతిలో క్రోషియా సూది లేని గడియ నేను చూడలేదు. కాశిబుగ్గలో ఆమె ఊలు తొడుగు వేయని వస్తువే లేదని అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి ఆమె అల్లినవి నాలుగు ఫోన్ సంచులు, నీళ్ల సీసాకో తొడుగు, తన కుక్కకో ఎర్ర మెడపట్టీ, అంతే. ఆ కుక్క కూడా పులంత ఉంటుందనేవాణ్ణి. అది నా కూరగాయల సంచిలో పట్టేది.

ఏది అల్లినా చివరి ముడి వేసే ముందు లోపల రెండు వేళ్లు దూర్చి చూసేది. "రెండు వేళ్లు ఆడాలె బాపూ. మెడైనా, సీసైనా, జర ఊపిరాడాలె" అనేది.

మొన్నటి చలికాలం కుక్క తిండి మానేసింది. పశువుల డాక్టరు పెదవి విరిచాడు. ఒకనాడు పట్టీ కింద ఆమె నాలుగు వేళ్లూ దూరాయి.

"చిక్కిందా బాపూ?"

"చిక్కుడేంది బిడ్డా! బలిసింది. నువ్వే ఒదులుగ అల్లినవ్. అద్దాలు పెట్టుకొని అల్లు."

ఆమె నవ్వి, అల్లిక విప్పి, కాస్త చిన్నదిగా అల్లింది. కొన్నాళ్లకు అదీ ఒదులైంది. మళ్లీ అడిగింది. నేను మళ్లీ ఆమె చేతినే తప్పుపట్టాను.

కుక్క పోయాక ఆ పట్టీ ఊలుకు ఇంకొంత కలిపి, నాకు కళ్లద్దాల సంచి అల్లి తెచ్చింది.

"నా చెయ్యి తప్పలేదని నాకెర్కే బాపూ. నువ్వట్ల అంటాంటే ఇంకిన్ని రోజులు ఉంటదనిపిచ్చేది."

నా అద్దాలు అందులో పెట్టాను. అలవాటుగా ఆమె సంచిలో అద్దాల పక్కన రెండు వేళ్లు దూర్చి చూసింది. ఈసారి వెంటనే తియ్యలేదు.